మెడలో విజిల్

ఆస్పత్రి వరండాలో బల్ల మీద పాప తండ్రి, పక్కన అతని అక్క. గండం గడిచిందని డాక్టరు చెప్పి పది నిమిషాలైంది. అక్క మెడలో ఇంకా విజిల్ వేలాడుతోంది.

“...అది తీసెయ్యక్కా.”

“ఉండనీ. అందరూ చూడనీ.”

“ఎవరేమన్నారిప్పుడు?”

“మరదలు ఏమీ అనలేదు. నా మెడ వంక చూసి మొహం తిప్పుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.”

“తనకిప్పుడు ఒళ్లు తెలీట్లేదు. టీ తాగుతావా?”

“వద్దు. పేరుకి ఆటల టీచర్ని! నీళ్ల దగ్గర విజిల్ ఎవరి మెడలో ఉంటే వాళ్లు కూర్చోకూడదు, ఫోన్ ముట్టకూడదు, పిల్లల మీంచి చూపు తిప్పకూడదు. ఆ నియమం పెట్టిందే నేను. నేనే చెట్టుకానుకుని కునుకు తీశాను.”

“తిన్నాక, ఆ ఎండకి, ఎవరికైనా...”

“ఏట్లో నీళ్లు మోకాలి లోతేగా అనుకున్నాం. కాలు జారితే అదే చాలు. ఆ పడవతను చూసి పాపని పైకి లాగకపోతే? మునిగేవాళ్లు అరవరురా. ప్రతి వేసవీ బడిలో ఇదే చెప్పి చస్తాను.”

“ఊరుకో అక్కా.”

“విజిల్ చేతులు మారేటప్పుడు ఇచ్చేవాళ్లు ‘నీ వంతు’ అనాలి. తీసుకునేవాళ్లు ‘నా వంతు’ అనాలి. నేనన్నానా?”

“ఏమో... అన్నట్టే ఉన్నావు.”

“అన్నట్టే ఏంటి? అన్నానా, లేదా?”

“టీ తెస్తానుండు...”

“కూర్చో! టీ, టీ అంటావేంట్రా?”

“అనలేదు.”

“ఏంటీ?”

“నువ్వనలేదు. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నువ్వేమో కళ్లు మూసుకుని ఉన్నావు. రెండు నిమిషాలేగా అని నీ మెడలో వేసేసి పక్కకెళ్లాను. లేపలేదు.”

“ఇప్పుడా చెప్పడం?”

“ఇందాకట్నుంచీ చెబుదామనే... అందరూ నిన్నే చూస్తుంటే నోరు రాలేదు. హమ్మయ్య, నన్ను కాదు అని కూడా అనిపించిందక్కా. సిగ్గులేనివాణ్ణి. ఇప్పుడే లోపలికెళ్లి నీ మరదలికి చెప్పేస్తాను. ఆ విజిల్ ఇలా ఇవ్వు.”

“వద్దురా.”

“నన్ను వెనకేసుకురాకు! నిద్రపోయే మనిషి తప్పేముంది?”

“అప్పటికి నేనింకా నిద్రపోలేదురా. తాడు మెడకి తగిలింది. కళ్లు తెరిస్తే ‘నా వంతు’ అనాల్సొస్తుందని తెరవలేదు.”