పెరియస్వామి మోకాలు

సభకు పెద్దగా కూర్చోని ఉండే సుబ్బరాయులు గారికి, ఈ పొద్దు కరాటే సంఘంలో పరీక్షాధికారి పని నుంచి దిగిపోతా ఉండే మా శేషాద్రి సార్‌కి, వేలూరు నుంచి, గుడియాత్తం నుంచి వచ్చిన మాస్టర్లకు, భోజనం ఎప్పుడా అని వెనక్కి వెనక్కి చూస్తా ఉండే చుట్టాలకు, లుంగీల అంగడి కన్నప్ప నమస్కారం. నన్ను రెండు మాటలే చెప్పమన్నారు. మైకు ఆపేదానికి ఎవురూ పోవద్దండప్పా, స్విచ్చి కాడ మా బామ్మర్ది కుర్చీ వేసుకోని కూర్చోని ఉండాడు. (నవ్వులు)

తెలీని అమ్మలకు చెప్తా ఉండాను, కటా అంటే ఎదురుగా మనిషి లేకుండానే గాలిని గుద్ది, గాలిని తన్ని, వరస తప్పకుండా చేసే కొట్లాట. మా ఇంటామె శశికళ చేసేది అది కాదు, ఆమె ఎదురుగా నేను ఉంటాను. (నవ్వులు) ఒక్కో స్టైలుకు ఒక్కో తీరు కటాలు. శేషాద్రి సార్‌ది వేలూరు, ఒక స్టైలు. మా మాస్టర్ పెరియస్వామిది గుడియాత్తం, ఇంకో స్టైలు. ఆదివారం పొద్దున కోట మైదానంలో కలిసి, మీదొకటి ఇయ్యండి, మాదొకటి తీసుకోండి అని మార్చుకుంటా ఉండిరి. ఇచ్చింది ఇచ్చినట్లే తీసుకోవల్ల, వేలు కూడా మార్చకూడదు, అదే మా కట్టుబాటు. మంచి కాలం సామీ అది, ఒట్టు.

ఒక ఆదివారం మా మాస్టర్ మోపెడ్ మీదినుంచి పడిన మోకాలితోనే వచ్చి, ఇస్తానన్న కటా ఇచ్చేసినారు. తిరిగే చోట నొప్పికి తాళలేక అర అడుగు వేసి, నిలిచి, అప్పుడు తిరిగినారు. మోకాలికి కట్టిన కట్టు అందరికీ కనిపిస్తా ఉండాది కదా, వేరే చెప్పేదెందుకు అనుకున్నారు పాపం. సార్ మర్యాదస్తులు, ఏమీ అడగకుండా ఆ అర అడుగును కూడా భద్రంగా తీసుకోనిపోయి వేలూరు క్లాసులో అందరికీ నేర్పించినారు. నయం, కట్టు కూడా కట్టుకోమనలేదు. (నవ్వులు)

నవ్వండి, నవ్వండి. పోయిన పరీక్షలో మా గుడియాత్తం లోకేశ్వరి, పెరియస్వామి మాస్టర్ చేతికింద పెరిగిన పిల్ల, అదే కటాను అర అడుగు లేకుండా చక్కంగా తిరిగింది. "ఎన్నమ్మా, సంప్రదాయం తెలీదా? అర అడుగు యాడ?" అని సార్ ఆ పిల్లకు బ్లాక్ బెల్టు లేదు పొమ్మన్నారు. మాస్టర్ కుంటుకుంటా పోయి, "అయ్యా, అది సంప్రదాయం కాదు, నా మోకాలి నొప్పి" అన్నారు. సార్ ఏమన్నారో తెలుసునా? "వేరే స్టైలోళ్లు పరీక్షలో నోరు తెరవకూడదు."

కటా ఇచ్చినప్పుడు మనోళ్లంట సామీ. నోరు తెరిస్తే వేరే స్టైలంట.

ఆ పిల్ల కరాటే తెల్లబట్టలు మడిచి పెట్టేసింది. మళ్లీ క్లాసుకు రమ్మని నేను పిలిచేదానికి పోతే, "తప్పుంటే దిద్దుకుంటాను మామా, నొప్పి లేకుండా కుంటేది ఎట్లా?" అనింది.

ఇంతసేపు మాట్లాడిన పెద్దలంతా, స్టైళ్లను కలిపిన మహానుభావుడని సార్‌ని పొగిడిరి. కలిపిన ఇంకొకాయన చేతులు కడిగే తావ, ఆఖరి బెంచీలో కూర్చోని ఉండారు. ఆ దిక్కు ఒక్కరైనా చూసినారా?

శేషాద్రి సార్, ఈ సభ ముగిసేదాకా పరీక్షాధికారి మీరే. లేచి, "లోకేశ్వరి చేసిందే సరి" అని ఒక్క మాట అనండి. రేపు మీరు చెప్పినా ఎవురూ వినరు. (సార్ వైపు తిరిగి) ఏమి సార్? "టైమ్ అయిపోతా ఉండాది కన్నప్పా" అంటారా? సరి. అట్లే కానీండి.

మీకు కప్పమని సంఘమోళ్లు ఈ పొన్నాడ, అదే జరీ శాలువా, నా చేతిలో పెట్టినారు. నేను చదివింది తక్కువ, చెప్పిన పని అటూ ఇటూ చేసేస్తాను. అర అడుగుకు ఇంత మర్యాద ఉండాదంటే, అది పుట్టిన మోకాలికి కదా కప్పవల్ల. దిగి ఆఖరి బెంచీకి పోతా ఉండాను. మాస్టర్, లేవద్దండి, కాలు చాపుకోండి. వినినోళ్లకు, విననట్లు కూర్చున్నోళ్లకు కూడా వందనం. సెలవు.