ఇంకా గట్టిగా పిలువప్పా

యలహంక సంత. పొద్దు వాలుతోంది. నాటకానికి వేసిన పందిరి కింద, మైకు సెట్టు మునినారాయణప్ప కాళ్ల దగ్గర కూలబడిపోయింది భాగీరథమ్మ. ఆమె బిడ్డ సంతలో తప్పిపోయింది.

"ఇంకా గట్టిగా పిలువప్పా. చాల్లేదు."

"గట్టిగానే పిలుస్తా ఉండాను గదమ్మా. గొంతు పోయింది నాకు."

"నీ గొంతు కాదు. ఆ పెట్టెలో సౌండు పెంచు."

"ఇంకేమి పెంచేది? గుండీ చివరిదాకా తిప్పేసినాను. ఇదేమన్నా పెద్ద సెట్టా? ఒకే ఒక హారను, ఒక లారీ బ్యాటరీ. పెండ్లి పందిట్లో నలుగురికి వినిపించేదానికి తెచ్చుకున్నది. పోయిన వారం కాడుగోడిలో భజనకు పోతే, వెనక కూర్చున్నోళ్లు వినపడలా, వినపడలా అని తిట్టి పంపిరి. సంతంతా వినపడమంటే యాడ వినపడతాది?"

"ఇంకొంచెం తిప్పి చూడప్పా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు వదులమ్మా. ఇంకా తిప్పితే కీచుమని అరస్తాది, మాట అర్థం కాదు. వాల్వు గూడా పోతాది. యుద్ధం అయిపోయినా వాల్వులు దొరికేది లేదు. రాత్రికి నాటకమోళ్లకు ఏం చెప్పేది నేను?"

"అరవనీ. అరిస్తే వినపడతాది గదా."

"అరుపు విని బిడ్డ వస్తాదా? భయపడి ఇంకా దూరం పోతాది. సరే, ఇంకోసారి చెప్తాను, ఉండు. 'అమ్మలారా, అయ్యలారా! భాగీరథమ్మ బిడ్డ మునిలక్ష్మి తప్పిపోయింది. నాలుగేండ్ల పాప. ఆకుపచ్చ పావడ. పేరు అడిగితే చెప్తాది. కనపడితే నాటకం పందిరి కాడికి తీసుకొని రండి!' చాలునా?"

"చాలు... కాదు, కాదు. దాన్నే పిలువు. మునిలక్ష్మీ, మీ అమ్మ ఈడ ఉండాది రా అని, దాన్నే పిలువు."

"జనానికి చెప్తేనే గదమ్మా తెచ్చి ఇచ్చేది? పాప పేరు చెప్తాదనే గదా నువ్వు చెప్పింది?"

"ఊ."

"నాయన పేరు? ఊరి పేరు?"

"ఊ, ఊ. నువ్వు పిలువప్పా. పెద్ద శబ్దమైతే వింటాది."

"పెద్ద శబ్దమైతే అంటే?"

"ఏమీ లేదు. పిలువు."

"భాగీ! ఓ భాగీ! గొర్రెల కాడ చూసినాను, కుండలోళ్ల కాడ చూసినాను. యాడా లేదు."

"ఈయనెవరమ్మా?"

"నా మొగుడప్పా, చిక్కమునియప్ప. ఏమయ్యా, ఆ బావి తట్టు చూసినావా?"

"చూసినాను. నువ్వేమి ఈడ కూర్చోని మైకులో పిలిపిస్తా ఉండావు? దానికి..."

"నోరు ముయ్యి."

"దానికి మైకులో పిలిస్తే ఏమి..."

"నోరు ముయ్యయ్యా! మీ అన్న ఈడనే ఉండాడు, మీ వదినె ఉండాది. మనోళ్లంతా ఈ సంతలోనే ఉండారు."

"ఉండనీ. ఇన్నాళ్లూ దాచింది చాలదా?"

"ఏంది దాచింది? నాకర్థమయ్యేట్ల చెప్పండమ్మా."

"ఏమీ లేదప్పా. నువ్వు పిలువు."

"ఓ మైకాయనా! పావడ ఆకుపచ్చదే అంటివి గదా?"

"అవును. నువ్వెవరమ్మా?"

"తమలపాకులమ్మే సుబ్బలక్ష్మమ్మను. ఇందాక రైలు గేటు తట్టు నుంచి వస్తా ఒక పాపను చూసినాను. పట్టాల మధ్యన కూర్చోని రాళ్లు ఏరుకుంటా ఉండాది."

"అదే! అదే నా బిడ్డ! తీసుకొని రాలేదా అక్కా?"

"పేరేమి పాపా అని అడిగితిని. పలకలా. మళ్లా అడిగితిని. ఊరికే నా ముఖం చూసింది. అడిగితే పేరు చెప్తాదని మైకులో అంటా ఉండిరి గదా. అయితే ఈ పాప కాదులే అని వచ్చేస్తిని."

"అయ్యో. అయ్యో."

"ఏందమ్మా ఇది? పేరు చెప్తాదా అంటే నువ్వు ఊ అన్నావు గదా?"

"అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను."

"భాగీ, సాయంత్రం రైలొచ్చే పొద్దాయె. నేను ఉరికిపోతాను."

"ఉరుకు, ఉరుకయ్యా! అప్పా, ఆయన పోయేలోగా రైలొచ్చేస్తాది. గేటు కాడ మనిషి ఉంటాడు గదా, ఆయనకు వినపడేట్ల చెప్పు."

"ఉండు, హారను ఆ తట్టుకు తిప్పుతాను... తిప్పినాను. అయినా పోదమ్మా. గొర్రెలు, ఎద్దులు, బేరాలు, ఇంత గలాటా దాటి ఈ చిన్న హారను యాడ పోతాది?"

"వాల్వు పోతే పోనీ, పెంచప్పా!"

"పోతే పోనీ అనే తిప్పినాను. ఇంతే. దీంట్లో ఇంతకంటే లేదు. సంతంతా నోరు మూసుకుంటే తప్ప గేటుదాకా పోదు."

"అయితే ఆ మైకు నాకియ్యి."

"నువ్వా? నువ్వేమి చెప్తావు?"

"ఇయ్యప్పా! 'అమ్మలారా, అయ్యలారా. నేను భాగీరథమ్మను. నా బిడ్డకు చెవులు వినపడవు. పుట్టినప్పటి నుంచీ వినపడవు. మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని మా అత్తకు చెప్పినాను, మా తోడికోడలికి చెప్పినాను, మీ అందరికీ చెప్పినాను. అబద్ధం. సిగ్గుపడి దాచినాను. ఇప్పుడది పట్టాల మీద కూర్చోని ఉండాది. రైలొచ్చినా దానికి తెలీదు. మీకు దండం పెడతాను, ఎవరూ గొంతెత్తద్దండి. బేరాలు నిలపండి. గేటు కాడుండే అన్నా, వినపడతా ఉండాదా? దాని పేరు అడగద్దన్నా. పలకదు. చెయ్యి పట్టుకో.'"

"ఆపద్దమ్మా, మళ్లా చెప్పు. చూడు, సంత ఎట్ల అణిగిపోయిందో. గొర్రెల మూతులు గూడా పట్టుకొని నిలబడి ఉండారు."

"'చెయ్యి పట్టుకో అన్నా. చెయ్యి పట్టుకో...' అప్పా, రైలు కూత!"

"విన్నాను."

"రైలు కూత, అప్పా!"

"విన్నానమ్మా. మైకు వదలద్దు. చెప్తానే ఉండు. ఓ సుబ్బలక్ష్మమ్మా, ఆ అరుగెక్కినావు గదా, ఏమన్నా కనపడతా ఉండాదా?"

"పొగే కనపడతా ఉండాది. మనుషులు కనపడలా."

"'అన్నా, చెయ్యి పట్టుకో... నా బంగారు అన్నా...'"

"రైలు పోయింది. ఉండండి, ఉండండి... ఎవరో వస్తా ఉండారు. భుజాన బిడ్డ ఉండాది. ఆకుపచ్చ పావడ! అమ్మా భాగీరథీ, మీ ఆయనే!"

"తిన్నగా కూర్చోమ్మా, పడిపోతావు. మైకు ఇట్లియ్యి. వస్తా ఉండాడు గదా, ఇదో వచ్చేసినాడు."

"గేటాయన విన్నాడు, భాగీ. నేను పోయేలోపలే చెయ్యి పట్టి ఇవతలికి లాగేసినాడు. దెబ్బ గూడా తగల్లేదు. ఇదో, పట్టుకో."

"నా తల్లీ. నా తల్లీ."

"ఇంక ఏడవద్దు."

"ఇంజను కూసినప్పుడు తిరిగి చూసిందంటనా?"

"దొరికింది గదా."

"గేటాయన ఏమన్నాడు?"

"దొరికింది గదా, భాగీ. ఇంటికి పోదాం పా."

"అడిగిందానికి చెప్పయ్యా. అంత పెద్ద కూత. తిరిగిందా, లేదా?"

"లేదు."

"ఎట్ల లేదు? దీపావళికి నేను ఔటు టపాకాయ కాలిస్తే తిరిగింది గదా! నువ్వు దాని పక్కనే నిలబడి ఉంటివి గదా!"

"ఆ పొద్దూ తిరగలేదు, భాగీ. నీ ముఖం చూడలేక, నేనే దాని భుజం తట్టినాను."