కాగితం సముద్రం

...అడుగున ఎవరి పేరుంటే ఏం, నాన్నను చూడటానికి పంపితే చాలు, అనుకుంటూ కోడలు నీలం కాగితపు అలల కింద ఆడపడుచు కోటేశ్వరి పేరు అతికించింది. రేపు పెళ్ళిచూపుల్లో, పిల్ల పనితనం చూడమని గోడకు తగిలించే బొమ్మ అది.

"అన్ని అలలెందుకే? మన సాగర్ కాలవలో ఉండవుగా."

"ఇది మా చినగంజాం సముద్రం అత్తా."

"కోటేశ్వరే చేసిందని చెప్తాం. నువ్వు నోరు మెదపమాక."

"తను సముద్రమే చూళ్ళేదుగా. పెళ్ళివాళ్ళేమన్నా అడిగితే?"

"మాచర్లోళ్ళు. వాళ్ళు మాత్రం చూశారా ఏంది?"

"బొమ్మ అయిపోతే మా ఊరు పంపుతానన్నావు. నాన్న మంచం పట్టాడు."

"సంబంధం కుదిరితే ఇంట్లో చానా పనుంటది. పెళ్ళయినాక చూద్దాం."

"అప్పటిదాకా ఆయన ఉండొద్దా?"

"శుభమా అని పెళ్ళిచూపులైతే అవేం మాటలే? ఆ ఉప్పు కుప్పల పక్కన గొడుగేసుకున్న మనిషెవరు?"

"మా నాన్న."

"ఎవరో ఒకర్లే. గోడకి తగిలించు."

అత్త వంటింట్లోకి వెళ్ళింది. కోడలు తడిగుడ్డతో మైదా జిగురు నానబెట్టి, గొడుగు మనిషిని చిరగకుండా ఊడదీసి, జాకెట్లో దాచుకుంది.