కడిగిన డబ్బా

సుంకమ్మకు చదువు రాదు గానీ, ఉత్త డబ్బా చదవడం వచ్చు. చెనక్కాయలు వొలుస్తా వొలుస్తా నగొద్దండి, ఉన్నదే చెప్తాండా. పొద్దున్నే ఇద్దరు పిల్లోళ్లకూ బువ్వ డబ్బాలు కట్టి ఇస్కూలు వ్యానెక్కించేదా, సాయంత్రానికి ఆ డబ్బాలు ఉత్తవై ఇల్లు చేరేటివా, అప్పుడు చూడాల ఆమెను. మూత తీసేది, వాసన చూసేది, చెప్పేసేది. అంతే. పెద్దోడు ఈరేశు డబ్బా తీసి, "మెతుకులన్నీ మూతకు అంటుకున్నాయంటే డబ్బాను ఎగరేసుకుంటా పోయినావు. మామిడికాయ ఊరగాయ వాసనొస్తాంది, అది మనింట్లో అయిపోయి నెలాయె, అంటే పక్కనోని డబ్బాలో చెయ్యి పెట్టినావు. పెన్సిలు పొట్టు పడిందంటే బెల్లు కొట్టకముందే బెంచీ కింద పెట్టుకొని తిన్నావు" అనేదంట. వాడు నోరు తెరిచి నిలబడేవాడు. ఎదురుగా ఉన్న సారే కనుక్కోలేకపోయె, పొయ్యి కాడ కూర్చున్న ఈమెకెట్ల తెలిసె అని వాని బాధ. చిన్నది హైమావతి డబ్బా తీసి, "కరేపాకు ఏరి అంచున వరసగా పెట్టినావంటే ఈ దినం ఎవరితోనూ కొట్లాడలే. కొట్లాడిన దినం కరేపాకు కూడా నమిలేస్తావు నువ్వు" అనేదంట.

మొగుడు మద్దిలేటి సంగతి ఇంకా అన్యాయం. ఆయప్ప చేనుకు సద్ది తీసుకపోతాడు. ఒక దినం ఏమైందంటే, టౌనులో పనుండి పోయి హోటల్లో బిర్యానీ కొట్టినాడు. ఇంటి సద్దిని ఒక కుక్కకు పెట్టి, పెండ్లాం కనుక్కుంటాదేమోనని బోరింగు కాడ బూడిదేసి డబ్బాను తళతళా తోమి తెచ్చినాడు. చూడు, ఎంత తెలివి. సుంకమ్మ మూత తీసె, వాసన చూసె, "కోడిదా, పొట్టేలుదా?" అనె. "ఎట్ల తెలిసెనే నీకు" అని ఈయప్ప దిమ్మరపోతే, "తిన్నోడు డబ్బా కడగడయ్యా, దాచుకునేది ఉన్నోడే కడుగుతాడు" అనెనంట. ఈ మాట కొంగున కట్టుకోండి, ముందు పనికొస్తాది. మద్దిలేటి ఆ పొద్దు నుంచి డబ్బా తోమలే. బిర్యానీ మానినాడా అంటే, అది నన్నడగొద్దు.

సరే, ఇంతకీ ఆ డబ్బాల్లో ఏం కట్టేదనుకున్నారు? ఆడే ఉంది కతంతా. ఆ ఇంట్లో తినేది జొన్నరొట్టె, ఎర్రకారం, పుంటికూర పప్పు. సుంకమ్మ రొట్టె తడతాంటే ఆ సప్పుడుకే వీధిలో పోయేటోళ్లకు ఆకలయ్యేదంట. అట్లాంటి మనిషి, పిల్లోళ్లను టౌనులో కాన్వెంటుకు పంపిన మొదటి దినం వ్యాను కాడ నిలబడి చూసింది. ఒక పాప బుట్టలో బ్రెడ్డు, ఇంకో పిల్లోని చేతిలో నూడిల్సు. ఎవరూ ఏమీ అన్లే, ఎవరూ నగలే. ఈమెకే లోపల చురుక్కుమనె. కాన్వెంటు పిల్లోళ్లు జొన్నరొట్టె తీసుకపోతే ఎట్ల, నా బిడ్డను చూసి నగుతారు కదా అనుకునింది. ఆ పొద్దు నుంచి కోడి కూయకముందే లేసేది. ఒక దినం నిమ్మకాయ అన్నం, ఒక దినం బ్రెడ్డుకు జాము, ఒక దినం నూడిల్సు. ఆ నూడిల్సు ఎట్ల వండాలో వ్యాను డ్రైవరు పెండ్లాన్ని అడిగి నేర్చుకునింది. డబ్బాలు కట్టడం అయినాక అప్పుడు తనకూ మొగునికీ రొట్టెలు కాల్చేది. ఆ వాసనకు హైమ జడేపించుకుంటానే మెడ తిప్పేది. "మా, నాకూ రొట్టె పెట్టి పంపు మా." "ఇస్కూలుకు రొట్టె బాగుండదు, ఊరికే ఉండు." "నాకు బాగుంటాది మా." "మే, మెడ తిప్పొద్దు, పాపిట వంకరపోతాది." మాట ఆడికి అయిపోయేది. పాపిట మాత్రం ఎప్పుడూ సక్కగా ఉండేదంట.

ఇట్ల ఉండగా ఏమైందంటే, ఒక సోమవారం హైమ డబ్బా కడిగొచ్చింది. ఊరికే నీళ్లు పోసి తొలిపింది కాదు, తోమి, తుడిచి, మూతలో మొగం కనపడేటట్టు. సుంకమ్మ మూత తీసె, వాసన చూసె, ఏముంది చెప్పడానికి, సబ్బు వాసన. "ఎవరు కడిగిరి పాపా?" "నేనే మా. నీకు కష్టం కదా." మద్దిలేటి మంచం మీద నుంచే మురిసిపోయె. "చూడు, బిడ్డ తల్లి కష్టం తెలుసుకునింది" అనె. సుంకమ్మ మొగుని తట్టు ఒక సూపు చూసింది. పదకొండేండ్లలో తాను తిన్న తట్ట ఎత్తి పక్కన పెట్టని పిల్ల, డబ్బా తోముతాదా? తిన్నోడు డబ్బా కడగడు కదా. మరి నా బిడ్డ తినడంలేదా అని గుండె జారిపోయె. మంగళవారమూ కడిగిన డబ్బానే. బుధవారమూ కడిగిన డబ్బానే. పది దినాలు వరసగా కడిగిన డబ్బానే. ఒక దినం మాత్రం మూత అంచులో ఎర్రటి పొట్టు ఒకటి దొరికె, గోరంత. చెనక్కాయ పొట్టు. ఇంట్లో ఆ దినం చెనక్కాయలే లేవు. పోనీ, తినకుండా బిడ్డ చిక్కిపోయిందా అంటే, అదీ లేదు. బుగ్గలొచ్చినాయి. అప్పుడు తగిలింది ఆమెకు అసలు దెబ్బ. తినడంలేదనే భయం కన్నా పెద్ద దెబ్బ. ఎవతో నా బిడ్డకు బువ్వ పెడతాంది. నా బిడ్డ నా చేతి బువ్వ వద్దని, ఆమె చేతి బువ్వ తింటాంది. తల్లులైనోళ్లు ఆ మూల తలకాయ ఊపుతాండారు, ఊపండి, మీకు తెలుస్తాది.

గట్టిగా అడిగితే అయిపోదా అంటారేమో. అడగదే. డబ్బాలు చదివే మనిషికి నోరు తెరిచి అడగాలంటే నామోషీ. ఏం చేసిందంటే, ఒక మంగళవారం హైమకు కట్టే నిమ్మకాయ అన్నంలో ఉప్పే వెయ్యలే. ఒక్క రవ్వ కూడా. సాయంత్రం వచ్చినాక, "ఎట్లుండె పాపా బువ్వ?" "శానా బాగుండె మా." సరే. బుధవారం నూడిల్సులో నాలుగు గరిటెల కారం కొట్టింది. కలపతాంటే తనకే తుమ్ములొచ్చె. "ఎట్లుండె పాపా?" "బాగుండె మా, నిన్నటికన్నా బాగుండె." ఈరేశు పక్కన కూర్చోని కిసుక్కున నగె. ఆ రోజు ఆమె బువ్వ తినలే. శుక్రవారం చూస్తే హైమ పుట్టినదినం, పన్నెండు నిండుతాయి. రంగు గౌను తెచ్చి పెట్టె, చాక్లెట్లు తెచ్చి పెట్టె, ఈ ముల్లు మాత్రం గొంతులో అట్లే ఉండాది. బిడ్డ పుట్టినదినం పొద్దున డబ్బాలో ఏం కట్టాల, కడితే తినేదెవరు?

గురువారం ఆమె ఒక పని చేసె. చెప్పడానికి నాకే నోరు రావడంలేదు. డబ్బా ఉత్తదే మూతేసి పంపింది. పుస్తకాల బరువులో డబ్బా బరువెవరికి తెలుస్తాది, హైమ ఎత్తుకొని పోయె. ఆకలైతే నిజం ఇంటికొస్తాది అనుకునింది. వ్యాను మలుపు తిరిగిందో లేదో, పొయ్యి కాడికి పోయె. రొట్టె తట్టబోతే చేతికి పిండి అంటలే. మద్దిలేటికి సద్ది కట్టలే, తనూ నోట్లో ఏమీ ఏసుకోలే. ఎవరన్నా పెట్టింటారులే అనుకునేది, పెట్టకపోయింటే ఎట్ల అనుకునేది. పెట్టింటే కడుపుమంట, పెట్టకపోయింటే కడుపుకోత. వ్యాను వచ్చే పొద్దుకు గంట ముందే పోయి రోడ్డు మీద నిలబడింది.

హైమ దిగింది. తల్లి మొగం చూడలే. డబ్బా ముందుకు చాపింది. సుంకమ్మ చేతిలోకి తీసుకుంటే, బరువుగా ఉండాది. ఉత్తది పంపిన డబ్బా, నిండి వచ్చింది. మూత తీసె. వాసన చూసె. చెప్పలేకపోయె. లోపల నాలుగు మడతలేసిన జొన్నరొట్టెలు రెండు, మధ్యలో ఎర్రకారం, పక్కన ఒక ఎర్రగడ్డ ముక్క. "ఎవరు పెట్టిరి?" అని నోరు తెరిచి అడిగె. "కాశమ్మవ్వ మా. మా బడిలో ఆయా. నీకే ఇయ్యమనె." "నాకా?" అప్పుడు ఆ పిల్ల ఏడ్సుకుంటా అంతా చెప్పె. కాశమ్మ దినమూ నీళ్ల ట్యాంకు పక్కన కూర్చోని జొన్నరొట్టె తింటాదంట. ఆ వాసన తగిలి ఒక దినం హైమ పోయి, "మా అమ్మ నీకు ఈ డబ్బా పంపింది, నీ రొట్టె నాకు పెట్టమనె" అని ఒక అబద్దం చెప్పెనంట. ఆ దినం నుంచి ఆ రొట్టె ఈ పిల్ల తింటాది, ఈ డబ్బా ఆ అవ్వ తింటాది. తిని, తోమి, తుడిచి ఇస్తాది. "ఈ దినం మూత తీసి చూసి, ఏం పాపా, ఇంట్లో పొయ్యి వెలగలేదా అనె. నేనేం చెప్పాల? నాకు ఒక రొట్టె పెట్టి, మిగిలినవి నీకని డబ్బాలో పెట్టె. నువ్వేం తింటావు అవ్వా అంటే, సాయంత్రం తింటాలే, మీ అమ్మ పొద్దున నుంచి ఉత్త కడుపుతో ఉంటాది అనె." ఈరేశు ఎనక నిలబడి కాలితో మట్టి గీకుతాండె. "నీకు తెలుసారా ఇదంతా?" "తెలుసు." "చెప్పలేదేమిరా?" "నువ్వు డబ్బాలు చదువుతావు కదా మా, చదువుకుంటావులే అనుకున్యా."

సుంకమ్మ ఆ రొట్టెను గడప కాడ కూర్చోని తినింది. పొద్దున నుంచి ఏమీ తినలే కదా, ఆ అవ్వ చెప్పింది నిజమే కదా. రొట్టె అంచు రవ్వంత మాడింది, కారంలో ఎల్లిపాయ ఎక్కువైంది, అయినా దిగింది. తింటా తింటా అనుకునింది, పదేండ్లుగా ఉత్త డబ్బాలు చదువుతాండా, నాకు ఎప్పుడూ ఎవరి తప్పో దొరికేది. ఆ అవ్వ ఒక్కసారి ఉత్త డబ్బా చూసె, ఆమెకు ఎవరి ఆకలో దొరికె.

తెల్లారితే శుక్రవారం. హైమ నిద్ర లేసే పొద్దుకు సప్పుడు ఇనపడింది. టప్పు టప్పు టప్పు, రొట్టె తట్టే సప్పుడు. నాన్నకేమో అనుకొని పక్కకు తిరిగి పండుకునింది. లేసి చూస్తే తన డబ్బాలో రొట్టెలు. పుట్టినదినం గౌనేసుకున్న పిల్ల, ఆ గౌను కన్నా డబ్బానే ఎక్కువసేపు చూసెనంట. సుంకమ్మ కొత్త కోక కట్టి, చంకన ఒక మూట పెట్టుకొని తానూ వ్యానెక్కె. కాశమ్మ ట్యాంకు కాడ చీపురు తడుపుకుంటా ఉండె. సన్నటి మనిషి, నెరిసిన కొప్పు. హైమను చూసి, ఎనక తల్లిని చూసి, "నువ్వేనా తల్లీ డబ్బా పంపేది" అని చీపురు కింద పెట్టె. సుంకమ్మ మూటను ఇంకో చంకకు మార్చె. "ఇంట్లో పొయ్యి వెలగకపోవడం కాదు పెద్దమ్మా, నేనే..." అని ఆగిపోయె. కాశమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "వెలిగింది కదా, అంతే చాలు" అనె. అని ఊరుకుందా? "తల్లీ, తప్పుగా అనుకోవద్దు, మొన్న మంగళవారం బువ్వలో ఉప్పు మరిచిపోయింటివి. పాపం పనిలో ఉండాదేమోలే అని తినేస్తి. బుధవారం మాత్రం కండ్లల్లో నీళ్లు తిరిగె, రెండు చెంబుల నీళ్లు తాగితి. అంత కారం తింటే కడుపు చెడిపోతాది తల్లీ, తగ్గించు." సుంకమ్మ నేల చూసె. హైమ నేల చూసె. తల్లీబిడ్డలు ఒకే నేల చూసిరి.

అంతటితో ఐపోలే. కాశమ్మ ఇంకో మాటనె. "నేను పంపినవి ముట్టినాయి కదా? తినిన డబ్బాను ఉత్తది తిరిగి పంపగూడదని మా అమ్మ చెప్పేది. దినమూ ఏదో ఒకటి పెడతాంటి. ఉడకేసిన చెనక్కాయలు, ఒక దినం జాంకాయ, ఒక దినం బెల్లం ముక్క." సుంకమ్మ బిడ్డ తట్టు తిరిగె. బిడ్డ బూట్ల లేసు కట్టుకోడానికి వంగె. ఆ బూట్లకు లేసులే లేవంట. ఇన్ని దినాల చెనక్కాయలూ వ్యానులోనే అయిపోతాంటే, బుగ్గలు రాక ఏమవుతాయి? సుంకమ్మకు నవ్వాగలే. ముల్లు గొంతులో నుంచి అప్పుడు దిగిపోయిందంట. మూట ఇప్పి కాశమ్మ ముందర పెట్టె. "నా చేతి రొట్టెలు పెద్దమ్మా. ఈ దినం పాప పుట్టినదినం, నీ చేత్తో ఒక ముక్క పాప నోట్లో పెట్టు" అనె. కాశమ్మ రొట్టె తుంచి, ఊది, హైమ నోట్లో పెట్టె. తానూ ఒక తునక నోట్లో ఏసుకొని నమిలి, నమిలి, "రొట్టె నా దానికన్నా బాగుండాది" అని ఒప్పుకునింది. ఒప్పుకొని, చిన్నగా అడిగె. "అయితే తల్లీ, ఇంక నాకు ఆ బ్రెడ్డు జాము రాదా?"

ఏమనుకున్నారు మరి, అరవై ఏండ్లకు జాము రుచి తగిలితే వదుల్తాదా? ఆ దినం నుంచి సుంకమ్మ పొద్దున్నే కట్టేది మూడు డబ్బాలు. ఈరేశుకొకటి, హైమకు రొట్టె డబ్బా ఒకటి, కాశమ్మకు బ్రెడ్డు జాము డబ్బా ఒకటి. ఇప్పుడు హైమ డబ్బా ఎట్లొస్తాదంటారా, కడగకుండా, మూతకు ఎర్రకారం అంటుకొని, కంపుకొట్టుకుంటా వస్తాది. సుంకమ్మ దాన్ని చూసి సంబరపడతాదంట. కాశమ్మ డబ్బా మాత్రం తోమి వస్తాది, ఉత్తది రాదు. అందులో ఏముంటాదో చూద్దామని ఈ మధ్య మద్దిలేటి కూడా వ్యాను కాడికి ఎదురుపోతాండాడంట.

నాకు తెలిసిన కత ఇంతే. మీ చేతుల్లో చెనక్కాయలు వొలవడం అయిపోయె, నా నోట్లో మాటలూ అయిపోయె. ఇప్పటిదాకా తిన్నట్టే ఇన్నారు కదా, తినిన డబ్బాను ఉత్తది పంపగూడదని కాశమ్మ చెప్పనే చెప్పె. ఆ చేటలోవి ఒక గుప్పెడు నా ఒళ్లో పోస్తే, నేనూ ఇల్లు చేరతా. వ్యానులో తినేస్తానేమో అని భయపడొద్దండి, నేను నడిచే పోతా.