ముందు వాగు, తరవాత గుండీ

ఆ సూది పక్కన పెట్టవే అమ్మడూ! ఊడితే ఊడిందిలే గుండీ. ఆదివారం పూట, వాగులో కాలు పెట్టకుండా గుండీ కుట్టించుకుంటే మా వదిన ఊరుకుంటుందా? పోయి ఇరవై ఏళ్లయింది, నిజమే, అయినా నాకు భయమే. నవ్వకు. మా అన్నయ్య పెళ్లామే, నువ్వు పుట్టకముందే పోయింది. బట్టలు కుట్టేది. అదిగో, ఆ కిటికీ దగ్గరే మిషను. తెరిస్తే ఈ వాగే. ఇప్పుడంటే మెట్ల మీద కూచుని కబుర్లాడుతున్నాం గానీ, అప్పట్లో ముక్కు మూసుకుని పరిగెత్తాల్సిందే. వాగు నిండా జనం పారేసిన పరుపులు, విరిగిన కుర్చీలు, ఒకసారి ఏకంగా మంచం! వదిన ఏం చేసిందో తెలుసా? తలుపుకి అట్ట కట్టింది. 'ఆదివారం పొద్దున వాగులో దిగనివాళ్లకి గుండీ కూడా కుట్టను' అని. వీధిలో వేరే దర్జీ లేడాయె! రెండు వారాలు అందరూ బిగదీసుకుని కూచున్నారు. మూడో వారానికి మందుల షాపాయన ఒంటి నిండా పిన్నీసులు. లెక్కల మాస్టారు ఒక చేత్తో బోర్డు మీద రాస్తూ ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకున్నాడు. నేనా? సొంత మరిదిని కదా అని దొంగచాటుగా చొక్కా తీసుకెళ్లా. 'ఏం మరిదీ, కాళ్లు తడవలేదే?' అంది. చొక్కా నా మొహాన కొట్టింది. నాలుగో ఆదివారం వీధి వీధంతా వాగులో! పాత ప్యాంట్లు కత్తిరించి అందరికీ చేతి తొడుగులు కుట్టిచ్చింది. నాకొచ్చినవి మా అన్నయ్య పెళ్లి సూటువి! అది తెలిశాక అన్నయ్య... సరే, అదొదిలెయ్, ఎక్కడున్నాం?

ఆఁ, మూడేళ్లు అలా చెత్త ఎత్తిపోశాం. నీళ్లు తేటపడ్డాయి. అప్పుడొచ్చింది మున్సిపాలిటీ ఆఫీసు నుంచి కాగితం. ఇది చచ్చిన మురుక్కాలువ, పైన పలకలు పరిచి రోడ్డేస్తాం, శుక్రవారం ఇంజనీరు చూడ్డానికొస్తాడు, అని. నీళ్లలో ప్రాణముందని ఆయన రాస్తేనే వాగు మిగిలేది. వదిన అది చదివి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూళ్లేదు. ఇక అక్కడే నా బుర్ర పాడైంది. మా ఇంట్లో గాజు తొట్టిలో రెండు ఎర్ర చేపలుండేవి. గురువారం మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పట్టుకెళ్లి వదిలేశా. ప్రాణమున్నట్టు కనబడాలి కదా మరి!

శుక్రవారం ఇంజనీరు వచ్చాడు, వంగి చూశాడు. ఎర్రవి రెండు కాదే, ఏడు! నల్లమచ్చలవి నాలుగు! తోకకి కుచ్చులున్నదొకటి, అది మందుల షాపాయనది! మాస్టారైతే ఏకంగా తాబేలు! అందరం అదే పని చేశామన్నమాట, ఒకరికి తెలీకుండా ఒకరు! 'ఇది వాగా, చేపల దుకాణమా?' అని ఆయన ఫైలు టప్పున మూశాడు. వదిన మా వైపు ఒక చూపు చూసింది చూడు, నేను మాస్టారి వెనక్కి, మాస్టారు నా వెనక్కి! ఆవిడ చరచరా నీళ్లలోకి దిగి నిలబడింది. నిలబడి, కిసుక్కున నవ్వింది. తరవాత పకపకా! 'కొరుకుతున్నాయి! వేలెడు కూడా లేవు, మట్టి రంగువి, వీటినెవరూ కొని తేలేదండీ!' 'నాటకాలొద్దమ్మా' అన్నాడాయన. 'అయితే బూట్లు విప్పి దిగండి.' విప్పాడు. సాక్సుకి చిల్లు, బొటనవేలు బయటికి! 'అది ఇలా ఇవ్వండి, దిగినవాళ్లకే కుడతాను' అంది వదిన. ఆయన ప్యాంటు మడిచి దిగాడు. ముందు మొహం చిట్లించాడు. తరవాత మీసం అదిరింది. తరవాత 'అబ్బబ్బ, చక్కిలిగిలి!' అని గెంతాడే, ఏం గెంతాడనుకున్నావ్! వదిన సాక్సు కుట్టేలోపు నీళ్లలో నిలబడే ఫైలులో రాశాడు. 'వాగు బతికే ఉంది. స్వయంగా కరిచింది.' మా చేపల్ని, ఆ తాబేలుని మాత్రం సాయంత్రం దాకా మా చేతే పట్టించిందనుకో.

అమ్మో, నవ్వలేకపోతున్నానే. వదిన పోయే ముందు వారం కూడా దిగింది, తెలుసా? ఈ మోకాళ్ల మూలాన నేనే, ఏడాదయింది దిగి. ఇవాళ మీరంతా దిగారు, నేనిక్కడే. అందుకే చూడు, చొక్కాలన్నిటికీ పిన్నీసులే. ఏంటీ, ఇప్పుడా? పడితే నువ్వే ఎత్తాలి మరి. సరే, చెయ్యివ్వు. మెల్లిగా... ఓరి నాయనో, ఎంత చల్లగా ఉందే! ఉండు, కదలకు... అదిగో! ఉన్నాయే! ఇంకా ఉన్నాయి! వదినా, చూడు, కాళ్లు తడి...

ఆఁ, ఏం లేదులే. ఏదీ, ఆ సూది తే.