పెద్దమ్మ నోరు విప్పని రోజు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన చరిత్ర శాఖలో ఉపన్యాసకులుగా చేరి, ఈ నెలాఖరున స్వీయ ప్రణాళికా విద్యా విభాగ సంచాలకులుగా పదవీ విరమణ చేయనున్న మా మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు వ్రాయవలసిందిగా సంచిక సంపాదకులు నన్ను ఆదేశించారు. నేను అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. పొదుపు నా వృత్తిధర్మం. అయినా వారి విషయంలో నాలుగు మాటలతో సరిపెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. విద్యార్థులు వారిని ఎదుట మేడమ్ అనీ, చాటున పెద్దమ్మ అనీ పిలుస్తారు. ఆ సంగతి వారికి తెలుసు. తెలియనట్లు ఉండడంలో వారిది అందె వేసిన చేయి.

చేరిన తొలి సంవత్సరాల్లోనే వారి ధోరణి బయటపడింది. కాగితం పుట్టుపూర్వోత్తరాలను పాఠంగా చెప్పి ఊరుకోక, చింకి గుడ్డలు నానబెట్టించి, దంచించి, తరగతి మొత్తం చేత కాగితం చేయించారు. కాగితం వచ్చింది; దానితో పాటు కళాశాల మురుగు కాలువ పూడిపోయింది. ప్రిన్సిపాల్ గారు సంజాయిషీ కోరగా, దానిని ఆ గరుకు కాగితం మీదే వ్రాసి సమర్పించిన ఘనత వారిది. సిరా అంతా పాకిపోయి ఒక్క ముక్కా అర్థం కాలేదనీ, అందువల్లే క్షమించవలసి వచ్చిందనీ ప్రిన్సిపాల్ గారు తర్వాత చెప్పుకొని నవ్వేవారు.

కాలక్రమంలో, సైకిల్ స్టాండు వెనుక విరిగిన బల్లలు పడేసే గదిని అడిగి పుచ్చుకొని, వారు నేటి విభాగానికి శ్రీకారం చుట్టారు. అక్కడ అచ్చువేసిన పాఠ్యప్రణాళిక లేదు. విద్యార్థి తనను కుదురుగా కూర్చోనివ్వని ఒక ప్రశ్నతో రావాలి; దానికి కావలసిన శాస్త్రాన్ని, చరిత్రను, సాహిత్యాన్ని ఏరుకొని తన చదువును తానే కూర్చుకోవాలి; చివరకు స్వహస్తాలతో ఒక వస్తువును తయారు చేసి, అది ఎవరి కోసమో వారి చేత అందరి ఎదుట వాడించి చూపాలి. అదే పరీక్ష. ఆ పూట గురువు నోరు విప్పరాదు, సైగ చేయరాదు. ఈ నియమాన్ని విధించినవారు మేడమ్ గారే. ఇది చదువా, ఆడింది ఆట పాడింది పాటా అని స్టాఫ్ రూములో గుసగుసలు వినిపించకపోలేదు.

ఆ నియమం వారి మెడకే చుట్టుకున్న రోజును కళ్లారా చూసినవారిలో నేనొకణ్ణి. విభాగాన్ని కొనసాగించాలా, మూసివేయాలా అన్నది తేల్చడానికి తనిఖీ సంఘం వచ్చింది. ఆనాటి పరీక్ష ఒక అమ్మాయిది. ఆమె ప్రశ్న మెట్లు. వాళ్ల అమ్మమ్మ ఇంట్లో మెట్ల మీద నుంచి పడి, ఎడమ మణికట్టు విరగ్గొట్టుకొని, ఆ పిమ్మట మేడ మీది గది మొహం చూడలేదు. అందుకని ఆ పిల్ల మోకాలి ఎముకలు చదివింది, పాత భవనాల మెట్ల కొలతలు తీసింది, బరువుల లెక్కలు నేర్చింది, వర్క్‌షాపులో తన చేతులతో ఒక చెక్క మెట్ల వరుస కట్టింది.

అమ్మమ్మ గారు కుడిచేత్తో రెయిలింగు పట్టుకొని ఆయాసం లేకుండా పైకి వెళ్లారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వెనుదిరిగి, కాలు దించబోయి, ఆగిపోయారు. రెయిలింగు ఒక్క పక్కనే ఉంది. ఎక్కేటప్పుడు కుడిచేతికి అందినది, దిగేటప్పుడు ఎడమచేతి వైపు వచ్చింది. ఆ చేతికి పట్టు లేదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఎక్కడాన్నే చదివింది.

ఆమె పై చెక్క మీద చతికిలబడి, "ఎక్కించడం బాగానే ఎక్కించావు గానీ, దించేదెవరే తల్లీ?" అన్నారు.

ఆ పిల్ల మేడమ్ గారి వైపు చూసింది. నేను మేడమ్ గారిని మోచేత్తో పొడిచాను కూడా. ఏదో ఒక మాట అందించి గండం గట్టెక్కించమని నా బాధ. ఎన్నో ఏళ్ల కష్టం కళ్లెదుట మునిగిపోతోంది. సంఘం అధ్యక్షుల వారు కలం మూత పెట్టేశారు. మేడమ్ గారు పెదవులు బిగించి, ఒళ్లో చేతులు ముడుచుకొని, అలాగే కూర్చున్నారు.

కాసేపటికి ఆ అమ్మాయి కళ్లు తుడుచుకొని పైకి వెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఏమి అడిగిందో మాకు వినపడలేదు. తర్వాత తన ఎడమచేతిని వీపు వెనక పెట్టుకొని తానే దిగడం మొదలుపెట్టింది. సగంలో కుడిచేయి గాలిలో తడుముకుంది. అక్కడే నిలబడి ఆ చేతిని చూసుకుంది. మరుక్షణం వర్క్‌షాపులోకి పరుగు. కర్ర చిత్రిక పట్టి, మరలు బిగించి, రెండో పక్కన కూడా రెయిలింగు పెట్టేదాకా టీలు చల్లారిపోతున్నా ఎవరూ కదలలేదు. అమ్మమ్మ గారు మాత్రం పైనుంచి పని బాగోగులు విమర్శిస్తూనే ఉన్నారు. తర్వాత నింపాదిగా దిగి వచ్చారు.

అధ్యక్షుల వారు మేడమ్ గారిని సూటిగా అడిగారు: "ఈ లోపం మీకు ముందే తెలుసాండీ?"

తెలుసు, కావాలనే వదిలేశాను అనమని నేను మనసులో మొక్కుకున్నాను. ఆ ఒక్క మాటతో అంతా వారి పాఠంలో భాగమైపోయేది.

"లేదండీ. నాకూ తట్టలేదు. ఇప్పుడే, మీతో పాటే, ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను," అన్నారు.

తన సర్వస్వం తక్కెడలో ఉన్న వేళ, అడిగినవారి ఎదుట, తెలియదని అంత తేలికగా చెప్పగల మనిషిని నేను మళ్లీ చూడలేదు. అధ్యక్షుల వారు లేచి వెళ్లి, తాము కూడా ఆ మెట్లు ఎక్కి, దిగారు. విభాగం నిలిచింది.

ఆ తర్వాత వారు సంచాలకులైనారు, గది భవనమైంది, ఇతర కళాశాలల వారు చూడవచ్చారు. కంటి వైద్యులైన వారి శ్రీవారు మొన్న టీ వేళ, తమ ఇంట్లో ఏ ప్రశ్నకూ ఇంతవరకు జవాబు దొరకలేదనీ, అడిగినప్పుడల్లా ఇంకో ప్రశ్న దొరుకుతుందనీ మొర పెట్టుకున్నారు. ఇకపై ఆ సౌభాగ్యం పూర్తిగా వారిదే.

మేడమ్ గారూ, వచ్చే ఏడాది పరీక్ష పూట మీ కుర్చీలో మాలో ఎవరో ఒకరు కూర్చుంటారు. ఏ పిల్లో తడబడుతుంది, మా నాలుక దురద పెడుతుంది. నిండైన ఆరోగ్యంతో, చల్లని సంసారంతో, మీరు ఇంకా ఎన్నో ఏళ్లు వచ్చి మా పక్కన కూర్చోవాలని మా అందరి ఆకాంక్ష. ఏమీ చెప్పనక్కరలేదు.