మంచి సగం

హలో… ఆ, నేనే. అక్క కాదు బావా, నేను.

…అక్క ఫోనే. నా చేతికిచ్చి కుర్చీలోనే నిద్రపోయింది. …లేపను. నిన్నట్నుంచి ఇప్పుడే కునుకు పట్టింది, ఎలా లేపుతాను?

…బుడ్డదా? నా ఒళ్ళోనే ఉంది. మందుల మత్తు.

…ఎక్కడికీ మార్చలేదు. అదే పిల్లల వార్డు, అదే మంచం. నిన్న నువ్వు విసురుగా లాగి పోయావే, ఆ తలుపు పక్కనే. పిడి ఊడొచ్చింది, తెలుసా? నర్సమ్మ నన్ను పట్టుకుని తిట్టింది. నీ వాటా తిట్లు కూడా నేనే తిన్నాను. బామ్మర్దిగా పుట్టాక తప్పుతుందా?

…నవ్వకపోతే పోనీలే.

…చెప్పు. వింటున్నా.

…

…

అయిందా? …కోపం లేదు బావా. ఓపిక లేదు, అంతే.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు" — అత్తయ్య మాటేగా అది? నిన్న నాకూ ఫోన్ చేసి అదే అంది. పెద్దావిడ, ప్రేమ కొద్దీ అంటుంది, కాదనను. కానీ మీ అమ్మ ఆ స్కాన్ చూడలేదు. నువ్వు చూశావు.

…మళ్ళీ చెప్పాలా? సరే. డాక్టరమ్మ చెప్తుంటే సగంలో లేచెళ్ళిపోయావుగా, మిగతా సగం నేను చెప్తా.

ఇది పుట్టుకతోనే వచ్చింది. ఎవరూ చేసింది కాదు. అక్క తిన్నదాని వల్లా కాదు, తిననిదాని వల్లా కాదు. కడుపులో ఉన్నప్పుడే మెదడులో ఎడమ సగం ఇష్టమొచ్చినట్టు పెరిగిపోయింది. కుడి సగం మంచిదే.

…అవును, తల పెద్దదైతే మంచిదే అనుకున్నాం. "మా పిల్ల బుర్ర చూడండి, పెద్ద జడ్జీ అవుతుంది" అని ఫ్యాను బాగుచేయించుకోడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పావు. …తప్పని ఎవరన్నారు? మనకేం తెలుసు?

ఆ పెద్ద సగమే మూర్ఛలు పుట్టిస్తోంది. పుట్టించి ఊరుకుంటోందా, మంచి సగాన్ని కూడా ఏమీ నేర్చుకోనివ్వట్లేదు. అదే అసలు గొడవ.

…మందులా? ఇంకా ఏ మందు బావా? ఒకటి పనిచెయ్యలేదని రెండోది, రెండోది పనిచెయ్యలేదని మూడోది. మూర్ఛలు తగ్గలేదు, పిల్ల తగ్గింది. పోయిన నెల బోర్లా పడేది. ఇప్పుడు పడుతోందా? …చెప్పు. పడుతోందా?

…మరి.

…ఆపరేషనుకి ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు. మనం ఆగుతాం. మూర్ఛ ఆగదుగా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఏడు నెలల పిల్ల కాబట్టి, కుడి సగం రెండోదాని పని కూడా కొంత నేర్చుకుంటుందట. పెద్దయ్యేకొద్దీ మొండికేస్తుందట, నీలాగే. …ఆ చివరి ముక్క నాదిలే, డాక్టరమ్మ అనలేదు.

…

ఎవరు చెప్పారు నీకు, సగం తల ఖాళీ అయిపోతుందని? కొంత తీస్తారు, మిగతాది లోపలే ఉంటుంది. రెండు సగాల మధ్య ఉన్న దారులన్నీ తెంచేస్తారు, దీని గోల దానికి చేరకుండా. ఒక గదిలో వైరు కాలుతుంటే నువ్వేం చేస్తావు? ఆ లైను తీసేస్తావు.

…అవును. నువ్వైతే మళ్ళీ కలుపుతావు. నేనూ అదే అడిగాను. తెంచింది తెంచినట్టే అంది.

…అన్నీ అడిగాను బావా. ఆవిడ ఏదీ దాచలేదు. కుడి చెయ్యి సరిగ్గా రాదు. భుజం కదులుతుంది గానీ వేళ్ళు దేన్నీ పట్టవు. నడుస్తుంది, ఆలస్యంగా, కాలీడుస్తూ. మాటలొస్తాయి, ఎన్ని వస్తాయో చెప్పలేం. తలలో నీరు చేరితే గొట్టం వెయ్యాలి. మూర్ఛలు చాలామంది పిల్లలకి ఆగిపోయాయి, అందరికీ కాదు. …ఆ, రక్తం పోతుంది. చిన్న ఒళ్ళు కదా. అదీ చెప్పింది.

…లేదు. ప్రాణానికి ఏం కాదని ఎవరూ రాసివ్వరు.

…ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు తెలీదా?

…ఏడ్చెయ్. నేనేం అనుకోను.

…

ఉండు. …ఉండుండు. మళ్ళీ మొదలైంది. పెట్టెయ్యకు బావా, లైన్లో ఉండు. …అమ్మలూ… మామయ్యని, ఇక్కడే ఉన్నా… పక్కకి తిరుగు తల్లీ… అదీ… ఇంకోటి… అయిపోతుంది, అయిపోతుంది… ఇంకోటి… అమ్మా, ఇంకోటి…

…

…అయింది.

…ఊఁ, ఊపిరి బానే ఉంది. …విన్నావా? ఆ చిన్న మూలుగు, అదే.

…లేదు బావా. నీ తప్పని అనకు.

…ఆ వీడియో చూసి నువ్వొక్కడివే నవ్వావా? "వచ్చినవాళ్ళందరికీ వంగి వంగి దండాలు పెడుతోంది మా పిల్ల" అని నువ్వు పంపితే, మన రెండిళ్ళల్లో నవ్వనిది ఎవరు? నేను నడిపే స్కూలు వ్యాన్‌లో పిల్లలక్కూడా చూపించాను. తల అలా వాల్చి, చేతులలా చాపుతుంటే దండమనే అనుకుంటాం. మూర్ఛంటే నురగ రావాలి, కింద పడి కొట్టుకోవాలి, మనకు తెలిసింది అంతే కదా.

…అందుకా? …అందుకా నువ్వు లేచెళ్ళిపోయింది? ఆవిడ "ఈ దండాలే మూర్ఛలు" అన్నందుకా? …నేను ఆపరేషనుకి భయపడ్డావనుకున్నా. అక్కా అదే అనుకుంటోంది.

…ఓరి పిచ్చి బావా.

…

…సంతకమా? …ఒక సంగతి చెప్పాలి. అరవకు. సంతకం అక్క పెట్టేసింది. పొద్దున్నే. ఒకరిది చాలట. రేపు ముందుగా లోపలికి తీసుకెళ్ళేది మన పిల్లనే.

…

…హలో? …ఉన్నావా? అరవకు అన్నాను గానీ అసలు మాట్లాడొద్దనలేదు.

…నీతో ఇంకేం పనా? ఏం మాటది? సంతకానికి ఎవరో ఒకరు చాలు. తండ్రికి ఇంకెవరు చాలుతారు?

…నిన్ను గుర్తుపడుతుందా అంటే… నాకు తెలీదు బావా. డాక్టరమ్మ కూడా చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పింది. ఇకమీదట కుడి పక్క చూపుండదట. కళ్ళకేం కాదు, కానీ ఆ పక్కనున్నది కనపడదు. కళ్ళు తెరిచే వేళకి మనవాళ్ళెవరైనా ఎడమ పక్కనే ఉండాలంది.

…ఆ. పాపకి ఎడమ.

ఆ ఐసీయూ చూసొచ్చాను. ఎడమ పక్క మంచానికీ గోడకీ మధ్య ఒక్క మనిషే పడతాడు. నువ్వు నిలబడక్కా అన్నాను. నిలబడనంది. "నన్ను చూస్తే పాలకి ఏడుస్తుంది. అది నవ్వేది వాళ్ళ నాన్నని చూసే. ఆ చోటు ఆయనది" అంది. …కోపంగానే అంది. కానీ అంది.

…

…ఆ చప్పుడేంటి, నీ కొట్టు షట్టరా? …మూసెయ్, మూసెయ్. బస్సు దొరుకుతుందా? …సరే.

…ఏమీ తేవద్దు. నువ్వు రా.

…పెట్టేశాడు.

…అక్కా? ఎప్పట్నుంచి మేలుకునున్నావ్? …ఆ. బయల్దేరాడు. …ఏడవకు, పాప లేస్తుంది.